హాజరుపట్టీ చదవడం నేర్చుకో తల్లీ

అమ్మాయ్, నిన్ను హైస్కూలు యాజమాన్య కమిటీకి చైర్‌పర్సన్‌గా ఎన్నుకున్నారని మీ నాన్న ఫోన్ చేశాడు. అతని గొంతులో సంతోషంతో పాటు కొంచెం బెంగ కూడా వినిపించింది. "మిషను కుట్టుకునే పిల్ల, అంతమంది టీచర్ల ముందు ఏం మాట్లాడుద్ది చిన్నాన్నా" అంటాడు. ఎందుకు మాట్లాడకూడదూ? నీ కూతురు తొమ్మిదో తరగతి, కొడుకు ఆరు. రోజూ ఆ గేటు దాకా వెళ్లొచ్చే దానివి. ఇవాళ్టి బడి సంగతులు నాకంటే నీకే ఎక్కువ తెలుసు. అయినా జిల్లా పరిషత్ బళ్లలోనే జుట్టు నెరిసినవాణ్ణి కదా, నాలుగు మాటలు చెబుతాను. తీరిగ్గా విను.

ముందు నీ కుర్చీ సంగతి. అది ఎవరో దయతలిచి వేసింది కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో లెక్క చూడడం మీ పని అని చట్టంలోనే రాసి ఉంది. సమగ్ర శిక్ష మార్గదర్శకాల్లో, 250 మంది దాటి వెయ్యి మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 75,000 రూపాయల గ్రాంటు ఉంది. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే పెట్టాలి. ఈ లెక్క అడగడానికి నువ్వు మొహమాటపడనక్కర్లేదు, చెప్పడానికి హెచ్చెమ్ గారు నొచ్చుకోనక్కర్లేదు. ఇంకో మాట. మీ ఆయన మంచివాడు, తెలివైనవాడు. మీటింగ్ రోజున నిన్ను బండి మీద దించి పొలానికి పొమ్మను. నీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవద్దని నా మాటగా చెప్పు.

ఇక అసలు విషయం. కమిటీ మీటింగుల్లో భద్రత ఒక అంశం, చదువు ఇంకో అంశం. భద్రత అనగానే ప్రహరీ గోడ, సీసీ కెమెరా, గేటుకి తాళం గురించి మాట్లాడతారు. చదువు అనగానే పదో తరగతి ఫలితాలు, నిరుడు ఎంత శాతం, పక్క మండలంలో ఎంత అంటారు. రెండిటికీ రెండు తీర్మానాలు రాసి టీ తాగి లేస్తారు. నేను చూసినంతలో ఈ రెండూ ఒకటే పని తల్లీ. భయం ఉన్న చోట చదువు ఎక్కదు, చదువు ఎక్కని పిల్ల బడిలో నిలవదు, బడి దాటిపోయిన పిల్లకి బయట ఏ రక్షణా ఉండదు. ఈ మూడూ ఒకచోట కనపడే పుస్తకం బడిలో ఒక్కటే ఉంది. హాజరుపట్టీ. కొలతలు తీసుకోకుండా గుడ్డకి కత్తెర పెట్టవు కదా నువ్వు, హాజరుపట్టీ చూడకుండా ఏ తీర్మానానికీ ఊ కొట్టకు.

ఇప్పుడు హాజరు ఫోన్‌లో యాప్‌లో వేస్తున్నారు. అయినా నెల మొత్తం పట్టిక తీసి చూపించడం క్లాసు టీచరుకి పెద్ద పని కాదు. పేర్లు పైనుంచి కిందికి, తేదీలు ఎడమ నుంచి కుడికి ఉంటాయి. చివర శాతం రాసిన గడి చూసి ఊరుకోకు. తొంభై శాతం హాజరు ఉన్న తరగతిలో కూడా ఒక పిల్ల మునిగిపోతూ ఉండొచ్చు. ఒక్కో పేరు పట్టుకుని ఆ వరస మీద చివరిదాకా వేలు పెట్టి చదువు. ప్రతి వారం సంత రోజున రాని పిల్లాడు కనపడతాడు. తండ్రి పక్కన కూరగాయల దగ్గర కూర్చుంటున్నాడన్నమాట. సంక్రాంతి దాకా నిండుగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా ఖాళీ అయిపోయిన వరసలు కనపడతాయి. మన పడమటి మండలాల నుంచి మిరప కోతలకి గుంటూరు వైపు వెళ్లిన ఇళ్లవి. అమ్మానాన్నలతో పాటు పిల్లలూ పోతారు. ఏప్రిల్‌లో వచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి. వలస వెళ్లే ఇళ్ల పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడిపే వీలుంది. అది అడగాల్సింది పిల్లలు వెళ్లాక కాదు, దసరా సెలవులప్పుడే. ఏ ఇళ్లు వెళతాయో ఊళ్లో నీకు తెలుసు, ఎంఈఓ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి తెలియదు. ఆ పేర్ల జాబితా నువ్వు రాసి హెచ్చెమ్ గారి చేత పంపించు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల వరసల్లో నెలకి మూడు నాలుగు రోజులు వరసగా గైర్హాజరు ఉందేమో చూడు. ఉంటే ఎవరినీ ఏమీ అడగకు. లేచి నేరుగా ఆడపిల్లల మరుగుదొడ్డి దగ్గరికి వెళ్లు. మీటింగ్ రోజు కాదు, మీటింగ్ రోజున అది కడిగి ఉంటుంది. మామూలు రోజున, పొద్దున ఇంటర్వెల్ అయిన పావుగంటకి వెళ్లు. తలుపుకి లోపల గడియ పడుతోందా? పడినా గట్టిగా లాగితే ఊడొస్తోందా? కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయా, బయట డ్రమ్ములోంచి బకెట్ మోసుకెళ్లాలా? వాడిన ప్యాడ్ వేయడానికి మూత ఉన్న బుట్ట లోపల ఉందా? లోపలికి వెళ్లి తలుపేసుకుని ఒక నిమిషం నిలబడు. మగపిల్లలు ఆడుకునే వైపుకి వెంటిలేటర్ ఉంటే, బయట నవ్వులు లోపలికి వినపడుతుంటే, పదమూడేళ్ల పిల్ల అక్కడికి ఎందుకు రాదో నీకు ఇట్టే తెలిసిపోతుంది. మన రాష్ట్రంలో 2021లో ప్యాడ్లు బడిలోనే ఇచ్చే పథకం మొదలైంది, మంచిదే. గడియ లేని గదికి ప్యాడ్ ఎంత ఇచ్చినా పిల్ల ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఆ గడియకి అయ్యేది వంద రూపాయలో, నూటయాభయ్యో. దానికి ప్రతిపాదనలు, అంచనాలు అంటే ఒప్పుకోకు. గ్రాంటులో పరిశుభ్రతకి పెట్టిన పదో వంతు ఇలాంటి వాటికే.

నేను ఎప్పటికీ మర్చిపోలేనిది స్టడీ అవర్స్ గొడవ. నువ్వూ దాన్ని ఎదుర్కొంటావు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. డిసెంబర్ వస్తే పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్స్ పెడతారు. బడి వదిలాక ఇంకో గంటో, గంటన్నరో. శీతాకాలం పొద్దు తొందరగా గుంకుతుంది. ఊళ్లో పిల్లలకి ఇబ్బంది లేదు, అయిదు నిమిషాల్లో ఇంట్లో ఉంటారు. రెండు కిలోమీటర్ల అవతల పల్లె నుంచి వచ్చే ఆడపిల్లలు ఏం చేస్తారు? దారిలో లైటు ఉండదు. మలుపు దగ్గర నలుగురు కుర్రాళ్లు బండ్లు ఆపుకుని ఉంటారు. వాళ్లు ఏమీ అనకపోయినా సరే, ఆ మలుపు తలుచుకుంటే పిల్లకి కాళ్లు సాగవు. మొదటి వారం వస్తారు. రెండో వారం ఒంట్లో బాగోలేదంటారు. మూడో వారానికి తల్లే వచ్చి "మా పిల్లకి ఇంటి దగ్గర పనుంది సార్" అని పేరు తీయించేస్తుంది. స్టాఫ్ రూమ్‌లో ఏమంటారో తెలుసా? ఆ పల్లె పిల్లలకి చదువు మీద శ్రద్ధ లేదంటారు. మార్చిలో మార్కులు తగ్గుతాయి, ఏప్రిల్‌లో ఫలితాలు వస్తాయి, మే నెలలో పెళ్లి చూపులు. ఎక్కడో మలుపు దగ్గర మొదలైన సంగతి పెళ్లిలో తేలుతుంది. మార్కుల జాబితాలో మాత్రం లెక్కల్లో ఇరవై రెండు అనే ఉంటుంది.

దీనికి మందు పెద్దదేం కాదు. ఆ పల్లె పిల్లలకి స్టడీ అవర్ పొద్దున ఎనిమిదింటికి పెట్టమను, లేదంటే అందరికీ పొద్దునే పెట్టమను. అలా కుదరకపోతే ఆ పల్లె తల్లిదండ్రులే వంతులు వేసుకుని రోజుకి ఇద్దరు గేటు దగ్గరికి వచ్చి పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లాలి. పంచాయతీని అడిగి మలుపులో ఒక లైటు వేయించు. టైము ఖరారు చేసేటప్పుడు ఆ పల్లె తల్లి ఒకావిడ మీటింగ్‌లో కూర్చుని ఉండాలి. అది ఒక్కటే నేను పట్టుబట్టి చెప్పేది. ఆమె లేకుండా నిర్ణయించిన టైము ఆ పిల్లలకి పనికిరాదు.

మళ్లీ హాజరుపట్టీ చూడు. ఒకే పల్లె పిల్లలంతా ఒకే రోజు రాలేదంటే ఆటో రాలేదని. ఆ ఆటో వచ్చిన రోజున కూడా ఒకసారి నిలబడి చూడు, ఎంతమంది ఎక్కారో, డ్రైవర్ పక్కన ఎంతమంది వేలాడుతున్నారో. 2014 జూలైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైలు గేటు మీద బడి బస్సుని రైలు ఢీకొడితే, పొద్దున టిఫిన్ బాక్సులు సర్ది పంపిన తల్లులు మధ్యాహ్నానికి ఆసుపత్రుల దగ్గర బిడ్డల కోసం వెతుక్కున్నారు. బడి గేటు దాటాక నాకేం సంబంధం అని ఏ కమిటీ అనకూడదు. ఆటో డ్రైవర్ మనవాడే, వరసకి బావో మామో అవుతాడు. పిలిచి నెమ్మదిగా చెప్పు. వినకపోతే పిల్లల తల్లుల్ని వెంటబెట్టుకుని వెళ్లి చెప్పు.

జూలై 16 తేదీ గుర్తుపెట్టుకో. 2004లో అదే రోజున తమిళనాడు కుంభకోణంలో ఒక బడిలో వంటింటి దగ్గర పుట్టిన మంట పూరి కప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. 2013లో మళ్లీ అదే తేదీన బీహార్ సరన్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో పురుగుమందు కలిసింది. రెండు చోట్లా పిల్లల్ని బలిగొన్న ప్రమాదం వంట దగ్గరే పుట్టింది. కుంభకోణం కేసు మీద సుప్రీంకోర్టు 2009లో, బడి భద్రత కూడా చదువుకునే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. ఏటా ఆ తేదీన కమిటీ సభ్యులందరూ వంటశాల, స్టోర్ రూమ్, మెట్లు, కరెంటు మీటర్, నీళ్ల సంపు మూత తిరిగి చూడండి. నూనె, ఉప్పు ఉన్న గదిలో ఫినాయిల్, బ్లీచింగ్ పెట్టనివ్వకండి. వంటావిడతో గట్టిగా మాట్లాడకు. ఆమె గౌరవవేతనం ఎన్ని నెలలు రాలేదో ముందు కనుక్కో, ఆ తర్వాత శుభ్రత గురించి మాట్లాడు.

ఇప్పుడు చెప్పబోయేది కష్టమైన మాట. ఎప్పుడూ మానని పిల్ల ఉన్నట్టుండి మానేస్తే, లేదా బడికి వచ్చి కూడా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటే, ఆ రోజే ఎవరో ఒక ఆడమనిషి వాళ్లింటికి వెళ్లాలి. పెళ్లి కుదిర్చారేమో. పద్దెనిమిది నిండకుండా చేస్తే 2006 చట్టం ప్రకారం నేరం, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. లేదూ, ఎవరైనా పిల్ల మీద చెయ్యి వేశారేమో. ఇంట్లోవాడు కావచ్చు, దారిలోవాడు కావచ్చు, బడిలోవాడే కావచ్చు. అలాంటిది చెవిన పడితే కమిటీలో చర్చకి పెట్టకు. మినిట్స్ పుస్తకంలో పిల్ల పేరు రాయకు. నలుగురు పెద్దమనుషులు కూర్చుని సర్దుబాటు చేస్తామంటే ఒప్పుకోకు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకుండా దాచితే అదీ నేరమే, సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి విషయం దాచితే ఏడాది దాకా జైలు. పిల్లని స్టేషన్‌కి తిప్పుతారని భయపడతారు జనం. చట్టం ప్రకారం పోలీసులే పిల్ల ఉన్న చోటికి రావాలి, వీలైనంతవరకు ఆడ ఎస్సై స్థాయికి తగ్గనివాళ్లు రావాలి, యూనిఫాం వేసుకుని రాకూడదు. ఈ సంగతి తల్లులందరికీ చెప్పి ఉంచు. పరువు పోతుందని అనేవాళ్లు ఉంటారు. పిల్ల పరువు ఎక్కడికీ పోదు, తప్పు చేసినవాడిదే పోవాలి.

చదువు గురించి నీకు ఎక్కువ చెప్పను, అది టీచర్ల పని, వాళ్లని చేయనియ్యి. ఒక్కటి మాత్రం అడుగు. 2023లో అసర్ సంస్థ పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల్ని పరీక్షిస్తే, దాదాపు నాలుగో వంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠం కూడా తడుముకోకుండా చదవలేకపోయారు. మన బడిలో అలాంటివాళ్లు ఉండరనుకోకు. ఆరో తరగతికి వచ్చిన ప్రతి పిల్లని జూన్ నెలలోనే ఒక పేరా చదివించి చూడమని తెలుగు టీచరుని అడుగు. నలుగురి ముందు కాదు, ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని. చదవలేని పిల్లాడు సైన్సులో వెనకబడ్డాడని, సోషల్‌లో సున్నా అని విడివిడిగా తిట్లు తినడం నేను చాలా చూశాను. వాడికి చదవడం రాదు, అంతే. పదో తరగతిలో కాకుండా ఆరులోనే దొరికితే ఏడాదిలో లాక్కురావచ్చు. ఆ చదవలేనివాడే రెండేళ్లకి ఉన్నట్టుండి బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరతాడు.

ఎనిమిదో తరగతి పిల్లల తల్లులకి ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష గురించి నువ్వే వెళ్లి చెప్పు. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బళ్లలో ఎనిమిది చదివే పిల్లలు రాయొచ్చు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు పిల్ల ఖాతాలో పడతాయి. నాలుగేళ్లకి 48,000. మన ఊళ్లో అప్పు చేసి పెళ్లి చేసేవాళ్లకి ఆ డబ్బు ఇంకో నాలుగేళ్లు ఆగడానికి ఒక కారణం అవుతుంది. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, బ్యాంకు ఖాతాలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. అవి లేక ఆగిపోయే తెలివైన పిల్లలు ఎంతమందో. సచివాలయానికి నలుగురు తల్లుల్ని ఒకేసారి తీసుకెళితే ఒక పూటలో అయిపోయే పని.

కొట్టడం విషయం. నీకు తెలియంది కాదు, మన తల్లిదండ్రులే వచ్చి "నాలుగు తగిలించండి సార్, మేమేం అనుకోం" అంటారు. అనుకోవాలమ్మా. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు నొచ్చేలా అవమానించడాన్నీ నిషేధించింది. ప్రేయర్‌లో నిలబెట్టి మార్కులు చదివి నవ్వించడం దాని కిందికే వస్తుంది. కొట్టకుండా పాఠం చెప్పడం కష్టం, అరవై మంది ఉన్న గదిలో మరీ కష్టం. ఆ కష్టపడే టీచర్‌ని ముందు నువ్వు గౌరవించు, ఖాళీ పోస్టులు నింపమని డీఈఓ గారికి కమిటీ తరఫున అర్జీ పెట్టు. అప్పుడు బెత్తం గురించి నువ్వు చెప్పే మాటకి బరువుంటుంది.

ఫలితాల రోజున కమిటీ ఇంట్లో కూర్చోకూడదు. ఎవరు తప్పారో బడికి ఆ రోజే తెలుస్తుంది. ఆ సాయంత్రమే ఒక్కో ఇంటికి ఒక్కొక్కరు వెళ్లాలి. సప్లిమెంటరీ ఉందని, ఆ ఏడాదే పాసై కాలేజీలో చేరొచ్చని పిల్ల ముందే అమ్మానాన్నలకి చెప్పాలి. ఆ రాత్రి ఇంట్లో తిట్లు పడకుండా చూడాలి. మనసు బాగా కుంగినట్టు కనపడితే 14416కి ఫోన్ చేయించు. టెలీ మానస్ అంటారు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు, 1098, అత్యవసర నంబరు 112 మూడూ పెద్ద అక్షరాలతో ప్రతి తరగతి గోడ మీదా రాయించు. హెచ్చెమ్ గారి గదిలో కాదు, పిల్లలు ఒంటరిగా చూసుకోగలిగే చోట రాయించు.

మొదటి మీటింగ్ పొద్దున పదకొండింటికి అన్నారట. మార్చమను. ఆ వేళకి మిరప చేలో ఉన్న తల్లులు రాలేరు. సాయంత్రం అయిదున్నర తర్వాత పెట్టించు. తీర్మానాలు ముందే రాసి తెచ్చి సంతకాలకి పుస్తకం చుట్టూ తిప్పితే, ఆపి పెద్దగా చదవమను. మీ కమిటీలో అక్షరం రాని సభ్యురాలు ఒకావిడ ఉందని మీ నాన్న చెప్పాడు. నువ్వు ఆమె పక్కన కూర్చో. ప్రతి తీర్మానం ఆమెకి అర్థమయ్యేలా చెప్పి, ఆమె ఏమంటుందో విని, అది కూడా పుస్తకంలోకి ఎక్కించాకే వేలిముద్ర వేయించు.